దావీదు చెవి మిషను

దావీదు నా అంగడికి మొదటిసారి వచ్చింది వాళ్ళ యజమాని రేడియో మోసుకొని. రేడియోను బల్లమీద దించి, ఊరికే నిలబడకుండా, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి దాని పిడిని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మొనను తిరుగుతున్న నా టేబుల్ ఫ్యాను వెనక ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎవడీ పిచ్చివాడని నేను లేచి గద్దించబోయేలోపల స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, "ఎనకపక్క బుష్షు అరిగింది సామీ, నెల తిరక్కముందే పట్టేస్తాది" అన్నాడు, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా. నేను నవ్వాను. ఇరవై రోజులకు ఫ్యాను పట్టేసింది.

ఇది 1955 నాటి మాట, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా వాళ్ళది ఆదోనిలో పత్తి వ్యాపారం. శెట్టి ఇంట్లో పుట్టి తక్కెడ పట్టనివాడు మా రామసుబ్బయ్య ఒక్కడేనని మా అమ్మ కమలమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకొని బాధపడేది. ఆ రామసుబ్బయ్యను నేనే. మద్రాసులో రెండేళ్ళు రేడియో పని నేర్చుకొని వచ్చి మా ఇంటి ముందుగదిలోనే అంగడి తెరిచాను. ఊళ్ళో ఉన్న రేడియోలను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, నా తెలివికి మాత్రం లెక్కే లేదనుకునేవాణ్ణి. అప్పటి నా పొగరు సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. ఈ కథలో దానికి చాలా పని ఉంది.

దావీదు జిన్నులో ఫిట్టరు. జిన్ను అంటే పత్తిలోంచి గింజను వేరుచేసే ఫ్యాక్టరీ. పెద్ద రేకుల షెడ్డులో రెండు వరసల మిషన్లు, వాటి ముందు కూర్చొని పత్తి అందించే ఆడవాళ్ళు, పైన బెల్టులు, గాలినిండా తెల్లటి నుసి. ఆ హోరులో పక్కమనిషి చెవి దగ్గర అరిచినా వినపడదు. పదిహేనేళ్ళు దాంట్లో నిలబడితే ఎవరి చెవులైనా ఏమవుతాయి? నలభై నిండకముందే దావీదుకు చెవుడు వచ్చేసింది. మిషన్ల రోగం చెవితో కాక పంటితో పట్టడం అప్పుడే నేర్చుకున్నాడట. మనుషుల మాట పెదవులు చూసి పట్టేవాడు. నేను ఎంత వేగంగా మాట్లాడినా ఒక్క ముక్క పోగొట్టుకునేవాడు కాదు.

ఆ జిన్ను ఆఫీసుకు నేను మా నాన్న పనిమీద చాలాసార్లు పోయి ఉన్నాను. ఆఫీసు కిటికీ అద్దంలోంచి షెడ్డు కనిపించేది. ఆడవాళ్ళు నోళ్ళు బాగా తెరిచి మాట్లాడుకునేవాళ్ళు, చేతులు తిప్పేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. పాపం ఎంత అరుస్తున్నారో అనుకునేవాణ్ణి. ఒకసారి దావీదు కొత్తగా చేరిన ఇద్దరు ఆడవాళ్ళను ఎదురుగా నిలబెట్టుకొని, తన గొంతుమీద చెయ్యి పెట్టి అడ్డంగా తల ఊపి, తర్వాత పెదవులు చూపిస్తూ ఏదో నేర్పుతున్నాడు. క్రైస్తవుడు కదా, ఏదో వాక్యం బోధిస్తున్నాడనుకొని నాలో నేను నవ్వుకున్నాను. కళ్ళ ముందున్నది చూడకుండా మనసులో ఉన్నది చూసేవాడికి అద్దం ఉంటే ఏమి, లేకపోతే ఏమి.

యజమాని రేడియో బాగుచేసి ఇచ్చాక కూడా దావీదు వస్తూనే ఉన్నాడు. మూలన నిలబడి నేను టంకం పెట్టడం చూసేవాడు. ఒక ఆదివారం పొద్దున, చర్చి నుంచి నేరుగా, తెల్ల చొక్కాతో వచ్చాడు.

"సామీ, సెవిటోనికి ఇనపడేటట్ల మిషను సేసేకి అయితాదా?" అన్నాడు.

"ఎవరికి?"

"నాకే."

"ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకప్పా? నీకు పెదవులు చాలు గదా" అన్నాను ఎగతాళిగా.

బల్లమీది సీలలు ఒకచోటికి జరిపాడు. తర్వాత చెప్పాడు. భార్య ఉరుకుందమ్మది ఎమ్మిగనూరు. పెళ్ళికి ముందు అక్కడి చర్చిలో ఆమె పాట విన్నాడు. ఆ గొంతు విని, మొహం కూడా సరిగ్గా చూడకుండా, పెద్దవాళ్ళను పంపించాడు. పెళ్ళయిన మూడేళ్ళకు ఆమె కూడా జిన్నులో చేరింది. పదేళ్ళ నుసి ఆమె రొమ్ములోకి చేరింది. ఇప్పుడు మంచం పట్టింది. వాన కాలం దాటదని డాక్టరు చెప్పాడు.

"ఆ గొంతు ఎట్లుండెనో మర్సిపోతాండా సామీ" అన్నాడు దావీదు. "ఆమె పోయేలోపల ఒక్కతూరి ఇనల్ల. అంతే. ఇంకేం వద్దు."

నాకు ఆ మాటకు ఎగతాళి చచ్చిపోయింది. మద్రాసు పాత సామాన్ల బజారులో కొన్న ఇయర్‌ఫోన్లు, యుద్ధంలో సిపాయిలు పెట్టుకున్నవి, నా దగ్గర ఒక జత ఉంది. వాటిని అంగట్లో ఉన్న రేడియోకు తగిలించి అతని తలకు పెట్టి శబ్దం పూర్తిగా తిప్పాను. నాకైతే చెవులు పగిలేవి. అతను కాసేపు రాయిలాగా కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా, "ఎవురో ఆడామె మాట్లాడతాంది" అన్నాడు. నిజంగానే వార్తలు చదువుతోంది ఒకామె. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నావి కూడా సరిగ్గా లేవు. చెవి చచ్చిపోలేదు, పెద్ద శబ్దం అందించేవాళ్ళు లేక పడుకుంది.

అట్లా మొదలుపెట్టాం. నేను మద్రాసు నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకంలో ఒకటే పెద్ద వాల్వుతో, అంటే రేడియోలో వెలిగే గాజుబుడ్డితో, చేసే చిన్న ఆంప్లిఫయరు బొమ్మ ఉంది. ‘ఎ’ క్లాసు అంటారు దాన్ని, ఇంగ్లీషు మొదటి అక్షరం. బలం తక్కువ, పెళ్ళి పందిట్లో పెడితే ముందు వరసకు కూడా చాలదు. కానీ శబ్దం శుభ్రంగా ఉంటుంది. పెద్ద ఆంప్లిఫయర్లలో రెండు వాల్వులు వంతులేసుకొని పనిచేస్తాయి, ఒకటి మోస్తుంటే ఇంకొకటి కునుకు తీస్తుంది. ఆ చేతులు మారే చోట మాట కాస్త గీసుకుపోతుంది. ‘ఎ’ క్లాసులో ఒంటరి వాల్వు. దానికి కునుకు లేదు. మాట వచ్చినా రాకపోయినా నిండు కరెంటు తాగుతూ, చెయ్యి పెడితే కాలేటట్టు ఎదురుచూస్తూ ఉంటుంది. ఇది దావీదుకు చెబితే, "మంచిది సామీ, నాలాంటిదే" అన్నాడు.

కిరసనాయిలు డబ్బా రేకు కోసి పెట్టె తనే చేశాడు. వాల్వు ఒక పాత రేడియోలోంచి పీకాము. పాడైన టెలిఫోనులో నోటి దగ్గర పెట్టుకునే భాగం మైకు అయింది, దానికొక టార్చి బ్యాటరీ. ట్రాన్స్‌ఫార్మరు కొనడానికి మద్రాసు పోవాల్సిన పని లేదన్నాడు. చేతి డ్రిల్లును బల్లకు బిగించి, వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టాడు. తీగ తెగబోయే ముందు వేలికి తెలుస్తుందట. మూడుసార్లు తెగింది, మూడుసార్లూ మొదటినుంచి చుట్టాడు. నేనైతే మొదటిసారికే డ్రిల్లును వీధిలోకి విసిరేసేవాణ్ణి. ఎనిమిది ఆదివారాలు చర్చి అయిపోగానే నా అంగడికి వచ్చి, మా ఇంటి వరండాలో పెట్టిన చెంబులో నీళ్ళు తాగి, సాయంత్రందాకా పనిచేశాడు. ఆ చెంబు మా అమ్మ అతని కోసం వేరుగా పెట్టింది. నేను ఏమీ అనలేదు.

మిషను తయారైన రోజు అంగట్లో పరీక్షించాం. అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను మైకు ముందు మాట్లాడాను. "ఇనపడతాంది!" అని అరిచాడు. నాకు అనుమానం వచ్చింది. అతని చూపు నా పెదవులమీదే ఉంది.

"చెవి విన్నదో, కన్ను విన్నదో ఎట్లా తెలుస్తుందప్పా? కళ్ళు మూసుకో" అన్నాను.

కళ్ళు మూసుకున్నాడు. "ఎమ్మిగనూరు బస్సు ఇయ్యాల రాలేదు" అన్నాను. అతను అక్షరం పోకుండా అదే మాట చెప్పాడు. ఇద్దరం పిల్లల్లాగా నవ్వుకున్నాం. మిషనును దుప్పట్లో చుట్టుకొని పోతుంటే వెనక్కి పిలిచి, అతని భుజం తట్టి, మెల్లిగా, స్పష్టంగా చెప్పాను. "ఇంటికాడ కూడా కళ్ళు మూసుకొనే విను. లేకపోతే నిన్ను నువ్వే మోసం చేసుకుంటావు."

ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలని తర్వాత ఎన్నిసార్లు అనిపించిందో.

మరుసటి రోజు పొద్దున్నే దుప్పటి మూట మళ్ళీ నా బల్లమీద ఉంది.

"గుయ్యిమని ఒకటే సద్దు వస్తాంది సామీ. మాట ఇనపడల్యా."

"ఏమీ వినపడలేదా?"

"దగ్గు ఇనపడె. దగ్గు బాగా ఇనపడె. మాట ల్యా."

మైకు ముందు నేను మాట్లాడాను. కళ్ళు మూసుకొని అతను తిరిగి చెప్పాడు. మిషను లక్షణంగా ఉంది. అయితే తప్పు ఎక్కడుంది? ఇప్పుడు చదివేవాళ్ళకు అప్పుడే తట్టి ఉంటుందేమో. నాకు తట్టలేదు. నాకు తట్టింది నా పుస్తకం. దగ్గు పెద్ద శబ్దం, ఎంత చిన్న మిషనైనా మోస్తుంది. మాట సన్నది, అందులోనూ జబ్బుమనిషి మాట. గుయ్యిమనే సద్దులో అది మునిగిపోతోందని తేల్చాను.

"నీ మాట ఇనపడ్తాది గదా సామీ?" అన్నాడు అతను.

"నాది అంగట్లో బేరమాడే గొంతు. మీ ఆడమనిషిది మంచంలో ఉన్న గొంతు. ఒకటేనా?" అన్నాను విసురుగా. అతను తల ఊపాడు. ముందు ఇంకొక చిన్న వాల్వు చేర్చి బలం పెంచాను. అతను తీసుకుపోయాడు. రెండు రోజులకు తిరిగి వచ్చాడు. గుయ్యి పెరిగింది, దగ్గు పెరిగింది, మాట లేదు.

అతను ఉండేది జిన్ను ఆవరణలోనే. ఎప్పుడు ఏ మిషను ఆగినా పిలవడానికి వీలుగా గోడవారన ఒక గది ఇచ్చి, జిన్ను లైన్లోంచే ఒక బల్బు వేయించారు. నాకు తప్పు దొరికిపోయింది. జిన్ను మోటార్ల గోలంతా ఆ తీగల్లోంచి మిషన్లోకి వస్తోందన్నాను. ఆ గోల భూమిలోకి దిగిపోవడానికి నేలలో గొయ్యి తవ్వి, ఇనుప కడ్డీ పాతి, ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పొయ్యమన్నాను. ఎండాకాలం గట్టినేలలో నిలువెత్తు గొయ్యి తవ్వాడు. గుయ్యి కాస్త తగ్గింది. మాట రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టడంలో లోపం ఉందేమోనన్నాను. దాన్ని విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టాడు. మిషను విప్పిన ప్రతిసారీ వారం పది రోజులు పట్టేది. ఆ రోజులు ఎవరి ఆయుష్షులోంచి పోతున్నాయో నాకు పట్టలేదు. నా పట్టుదలంతా మిషనుమీదే.

ఒకసారి నేను ఆ గదిదాకా పోయాను. సాయంత్రం, జిన్ను ఇంకా నడుస్తోంది. స్తంభం దగ్గర నిలబడి తీగలు చూస్తున్నాను. అక్కణ్ణుంచి గది వాకిలి పది అడుగులు. లోపల మంచంమీద గోడకు ఆనుకొని ఒక బక్క మనిషి. ముందు పెట్టెమీద మైకు. కింద కూర్చొని దావీదు, తలకు ఇయర్‌ఫోన్లు, గట్టిగా మూసుకున్న కళ్ళు. ఆమె నోరు పెద్దగా తెరిచి అతనికేసి ఏదో చెబుతోంది. కాసేపటికి అతను కళ్ళు తెరవకుండానే వేళ్ళు గుండ్రంగా తిప్పాడు, మళ్ళీ చెప్పమన్నట్టు. ఆమె ఇంకా పెద్దగా నోరు తెరిచింది. నాకు జిన్ను హోరు తప్ప ఏమీ వినపడలేదు.

దావీదు కళ్ళు తెరిచి, నన్ను చూసి బయటికి వచ్చాడు. "లోపలికి రా సామీ. ఒకతూరి నువ్వే దగ్గరుండి సూడు" అన్నాడు.

"అక్కర్లేదు. ఇక్కడే తెలిసిపోయింది" అన్నాను.

ఏమీ తెలియలేదు. లోపలికి పోతే ఇంటికి పోయి తలమీద నీళ్ళు పోసుకోవాలి, మా అమ్మకు జవాబు చెప్పాలి. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. అంత చిన్నదానికి ఆగిపోయాను. అది చెప్పుకోవడానికే ఇన్నేళ్ళకు ఇది రాస్తున్నాను.

వానలు మొదలయ్యాయి. మిషను ఐదోసారి నా బల్లమీద విప్పి ఉంది. దావీదు ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చున్నాడు. కుంగిపోయి ఉన్నాడు.

"ఇంగ సాలు అంటాంది సామీ" అన్నాడు. "ఆ పెట్టె ఎత్తిపారేసి నా మొగం సూసుకుంట కూర్సో అంటాంది. ఈతూరి అయిపోతాది, ఇంగ నాలుగు దినాలు ఓర్సుకో అని సెప్పొచ్చినా. అయితాదా సామీ?"

"ఎల్లుండికి ఇస్తా" అన్నాను.

ఉరుకుందమ్మ మరుసటి రోజే పోయింది. జిన్ను గుమాస్తా చెబితే తెలిసింది. నేను సమాధి చేసే చోటికి పోలేదు. అంగట్లో కూర్చొని, ఇంకెవరికీ అక్కరలేని మిషనును పూర్తి చేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను, చేతులు ఊరుకోలేదు. మూడోరోజు దాన్ని నేనే మోసుకొని జిన్నుకు పోయాను. స్తంభం దాటాను. ఈసారి ఆగలేదు, గడప దాటి లోపలికి పోయాను.

దావీదు ఖాళీ మంచం కోడు పట్టుకొని నేలమీద కూర్చున్నాడు. అతని ఎదురుగా పక్కగది హులిగమ్మ, ఆమె కూడా జిన్నులో పత్తి అందించేదే, జొన్నరొట్టె పళ్ళెం పెట్టి తినమని బతిమాలుతోంది. చెయ్యి తిప్పుతూ, నోరు బాగా తెరిచి, కళ్ళనీళ్ళతో చెబుతోంది. అతను ఆమె పెదవులు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ రోజు జిన్నుకు సెలవు. పైన చూరులో పిచ్చుక రెక్కలు కొట్టుకున్న సద్దు కూడా వినిపిస్తోంది. హులిగమ్మ మాట మాత్రం వినిపించడం లేదు.

నాకే చెవులు పోయాయా అని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను.

"ఏమమ్మా, నీకు గొంతు రాదా?" అన్నాను.

"ఎందుకు రాదు సామీ?" అంది ఆమె నాకేసి తిరిగి, ఖంగుమనే గొంతుతో. "ఆయప్పకు గొంతెందుకు? జిన్నులో మేమంతా ఇట్లనే గదా మాట్లాడేది. ఆయప్పను సూస్తే గొంతు దానంతటదే నిల్సిపోతాది."

నా చేతిలోని మిషనును మెల్లిగా దించాను. అడగబోయేదానికి జవాబు నాకు తెలిసిపోయింది, అయినా అడిగాను. "ఉరుకుందమ్మ?"

"ఆయమ్మా అంతే. ఆయన ముందర ఎప్పుడూ నోరే ఆడించేది. మాతో అయితే బాగా మాట్లాడేది సామీ. పొద్దున జిన్ను మొదలుగాకముందే ఆయన మిషన్లు సూసేకి పోయినాక, దగ్గు కొంచెం నిదానించినప్పుడు, పాట గూడా పాడేది. సర్సి పాటలు. చివరి దినం పొద్దున గూడా పాడింది, గోడకు అవతల మేమంతా ఇన్నాము. ఏం గొంతు సామీ అది!"

ఐదుసార్లు విప్పిన మిషను. నిలువెత్తు గొయ్యి. వేల చుట్ల తీగ. మొదటి రోజు నుంచీ మిషను సరిగ్గానే ఉంది, ఆమె గొంతూ ఉంది. మైకు ముందు కూర్చొని ఆమె మొగుడి మొహం చూసింది. చూడగానే గొంతు ఆగిపోయి, పదేళ్ళ అలవాటు కొద్దీ పెదవులు మాత్రం కదిలాయి. తను మాట్లాడుతున్నాననే అనుకుంది. మళ్ళీ చెప్పమంటే నోరు ఇంకా పెద్దగా తెరిచింది. ఆ పెదవులను చదవగలిగిన ఒకే ఒక్క మనిషి నా మాట విని కళ్ళు మూసుకున్నాడు. దగ్గుకు మాత్రం ఆ అలవాటు లేదు, అందుకే అది వినపడింది.

దావీదు మిషనును చూశాడు. లేచి, ఏమీ అనకుండా, దాన్ని బల్బు తీగకు తగిలించాడు. వాల్వు ఎర్రబడింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. నేను మైకు తీసుకున్నాను.

"దావీదూ, వినపడుతోందా?"

"ఇనపడతాంది సామీ" అన్నాడు అతను. "బాగయ్యింది. నా సేతి పనే సరిగ్గ ల్యా. తీగ సుట్టేది నాకు సేతగాల్యా. మంచిగ సుట్టింటే ఆమె మాట ఇనుందును."

నేను ఊరుకొని ఉండొచ్చు. ఇప్పుడే బాగయిందని చెప్పి వచ్చేసి ఉండొచ్చు. అదే చెయ్యాల్సిందని తర్వాత మా అమ్మ కూడా అంది. కానీ అతను తన చేతులను తిట్టుకుంటున్నాడు. ఆ చేతుల్లో తప్పుందని నేర్పింది నేను. ఆ మాటతో అతన్ని వదిలి రాలేకపోయాను.

"నీ చేతి పనిలో ఏ తప్పూ లేదప్పా" అన్నాను మైకులోకి. "మొదటిరోజు నుంచీ మిషను బాగానే ఉంది. తప్పు నాది. ఆమె మీ జిన్ను మాట మాట్లాడింది. గొంతు తియ్యలేదు. నేను లోపలికి వచ్చి ఉంటే ఆరోజే తెలిసేది."

దావీదు కళ్ళు తెరిచాడు. నాకేసి కాదు, హులిగమ్మకేసి చూశాడు. ఆమె తల వంచుకుంది. అతను ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకొని, తీగను వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు.

"నేనే నేర్పిచ్చినా సామీ" అన్నాడు చివరికి. "జిన్నులోకి వచ్చిన మొదటి దినమే ఆమెకు సెప్పినా. ఈడ గొంతు తియ్యొద్దు, దుమ్ము రొమ్ములోకి పోతాది, నీ గొంతు మంచిది, దాసుకో అని సెప్పినా." తీగను వేలినుంచి విప్పేశాడు. "దాసుకున్నాది."

హులిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. నేను స్విచ్చి ఆపబోయాను. దావీదు నా చెయ్యి పట్టుకొని ఆపాడు. ఆ గదిలో ఎవరూ మాట్లాడటం లేదు, వాల్వు మాత్రం కాలుతూనే ఉంది.

"ఒకటి అడుగుతా, నిజం సెప్పు సామీ" అన్నాడు. "నేను కండ్లు తెర్సుకొని ఉండింటే, అన్ని దినాలు మైకు ముందర ఆమె ఏం సెప్పిందో నాకు తెల్సుండేది గదా?"

అవునన్నాను. అతను నా పెదవులమీంచి చూపు తిప్పుకోలేదు, నేను ఇంకేమైనా అంటానేమోనని.

ఆ తర్వాత దావీదు తొమ్మిదేళ్ళు బతికాడు. జిన్నులోనే చేశాడు, నా అంగడికీ వస్తూనే ఉన్నాడు. వరండాలో చెంబు నేనే తీసేశాను, లోపల కూర్చొని తాగేవాడు, అది ఏపాటి ప్రాయశ్చిత్తమో నాకు తెలుసు. ఎప్పుడైనా ఫ్యానుకు స్క్రూడ్రైవరు ఆనించి పళ్ళతో పట్టేవాడు. కానీ కళ్ళు మూసుకునేవాడు కాదు. అంగట్లో ఎవరు నోరు విప్పినా, బేరగాడైనా, బిచ్చగాడైనా, వాళ్ళ మాట అయిపోయేదాకా రెప్ప కొట్టకుండా చూస్తూ నిలబడేవాడు.